లేబుల్ లేని సీసాలు

నిజాముద్దీన్ సూది వేస్తే నొప్పి తెలియదని పెనుకొండలో అందరూ అనేవాళ్లు. అది నిజమే. ఏడ్చే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, స్పిరిట్ దూదితో చేతిని మెల్లగా రుద్దుతూ, "మీ ఇంట్లో పిల్లి ఎన్ని కూనలు పెట్టిందమ్మీ?" అని అడిగేవాడు. ఆ పిల్ల మూడా నాలుగా అని వేళ్లు మడిచేలోపు పని అయిపోయేది. పిల్లే లేని ఇళ్ల పిల్లలు కూడా వేళ్లు మడిచేవాళ్లు. ఆ దూదిని ఉండ చుట్టడంలోనూ అతనికి ఒక వాటం ఉండేది. వాళ్ల నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు మరి.

ఇప్పుడతను సూది మందు ముట్టుకోవడం లేదు. ఎందుకు మానేశాడో ఊరంతా చెప్పుకుంటుంది. వాళ్లు చెప్పుకునేది సగమే. మిగతా సగం నాకు తెలుసు. నేను గోవిందప్పను, ఊరందరికీ శెట్టిని, బజారు వీధిలో మందుల షాపు నాది. ఆ సగం చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంది, అందుకే ఇంతకాలం నోరు మూసుకుని కూర్చున్నాను.

నిజాముద్దీన్ ఇంటర్ తప్పాడు. హిందూపురంలో ఒక ముసలి డాక్టరు దగ్గర ఎనిమిదేళ్లు కాంపౌండరుగా పనిచేశాడు. ఆయన కాలం చేశాక, ఇరవై రెండేళ్ల కిందట సొంత ఊరికి వచ్చి ఒక గది తీసుకున్నాడు. బయట ఆర్ఎంపీ అని బోర్డు పెట్టాడు. మొదట్లో సైకిలు, తర్వాత మోపెడ్. కబురు పెడితే చాలు, అన్నం ముందు నుంచి లేచి పల్లెలకు పోయేవాడు. చదువుకున్న డాక్టర్లు మొహం చూడకుండా చీటీ రాసి పంపించేస్తుంటే, ఇతను ముందు రోగి మణికట్టు పట్టుకుని ఐదు నిమిషాలు కూర్చునేవాడు. నాడి చూడటం అతనికి ఎంత వచ్చో నాకు తెలియదు కానీ, ఆ ఐదు నిమిషాలకే సగం జనానికి జ్వరం దిగేది.

మాత్రలు ఇస్తే మాత్రం ఎవరూ ఊరుకునేవాళ్లు కాదు. "మాత్రలకైతే నీ దగ్గరికెందుకు వస్తామప్పా, శెట్టి దగ్గరికే పోతాం గదా. సూది ఏయ్" అనేవాళ్లు. సూది వేయనివాడు వాళ్ల లెక్కలో డాక్టరే కాదు. మామూలు సూదులకు కొన్ని జ్వరాలు లొంగడం లేదంటే, అతను గది తీసుకున్న తొలి ఏడాదే నేను అతనికి సెఫ్ట్రియాక్సోన్ అనే మందు చూపించాను. చిన్న గాజు సీసాలో తెల్లటి పొడి. నీళ్లు కలిపి ఎక్కిస్తే రెండు రోజుల్లో మంచం మీద ఉన్నవాడు లేచి కూర్చునేవాడు. నిజాముద్దీన్ పేరు గుడిబండ దాకా పాకింది. నా షాపూ కళకళలాడింది.

కొన్నేళ్లకు బస్టాండు దగ్గర ఇంకో మందుల షాపు వచ్చింది. జనం నిజాముద్దీన్ పారేసిన ఖాళీ సీసాను ఏరుకుపోయి, ఆ షాపులో చూపించి, అదే మందు కొనుక్కోవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. పేరు కనబడకపోతే ఏం చూపిస్తారో చూద్దామనుకున్నాను. మధ్యాహ్నం బేరాలు లేని వేళ స్టీలు గిన్నెలో నీళ్లు పోసి సీసాలు పడుకోబెట్టేవాడిని. అరగంటకు లేబుల్ మెత్తబడి బొటనవేలికి ఊడి వచ్చేది. పెట్టెలో మడిచిపెట్టే సన్నక్షరాల కాగితాన్ని కూడా తీసేసేవాడిని.

నిజాముద్దీన్‌కు ఇది నచ్చలేదు.

"పేరు లేని మందు పిల్లోళ్లకు పొడవాలంటే నాకు చెయ్యి ఆడదు శెట్టి" అన్నాడు.

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికి తెలియాలప్పా?" అన్నాను.

అతను మొహమాటస్తుడు. సీసాలు తీసుకుపోయాడు. అలా పదేళ్లకు పైగా పేరు లేని సీసాలు నా షాపు నుంచి అతని గదికి వెళ్లాయి.

అతను చేసిన తప్పు కూడా ఒకటుంది, దాచను. పెద్దాసుపత్రికి పోయేవాళ్లందరికీ, "ఆడ నా పేరు ఎత్తొద్దండి, సూదులు ఏయించినామని చెప్పొద్దండి" అని చెప్పి పంపేవాడు. పట్టా లేని వైద్యం కదా, ఎవరైనా అధికారి వస్తాడేమోనని భయం. జనం అతని మీద అభిమానంతో ఆ మాట నిలబెట్టేవాళ్లు. డాక్టర్లు ఎంత గుచ్చి అడిగినా చెప్పేవాళ్లు కాదు.

పోయిన వానాకాలంలో సలీం కూతురు రేష్మకు జ్వరం వచ్చింది. సలీం ఆటో నడుపుతాడు, వాళ్ల ఇల్లు దర్గా వెనక సందులో. రేష్మకు ఎనిమిదేళ్లు. నా షాపుకొస్తే దగ్గు మందు సీసాల మూతలు ఇమ్మని సతాయించే పిల్ల. జ్వరం ఐదు రోజులైనా తగ్గకపోతే టైఫాయిడ్ అయి ఉంటుందని నిజాముద్దీన్ సూదులు మొదలుపెట్టాడు. పూటకొకటి చొప్పున పది రోజులు. తొందరగా తగ్గాలని మోతాదు కూడా కాస్త గట్టిగానే వేశాడు. వాళ్లమ్మ నస్రీన్ జ్వరానికి పథ్యమని అన్నం పెట్టలేదు. టీలో ముంచిన బన్ను ముక్క, కాస్త గంజినీళ్లు, అంతే. మా ఇళ్లలోనూ అదే పద్ధతి.

జ్వరం తగ్గింది. తొమ్మిదో రోజు రేష్మ కుడి పక్క డొక్క కింద చెయ్యి పెట్టుకుని మెలికలు తిరిగింది. తాగిన గంజి కూడా కక్కేసింది. నిజాముద్దీన్ గ్యాసు అన్నాడు. మిగిలిన సూదులు కూడా పూర్తి చేశాడు. నొప్పి ఎక్కువైంది. సలీం పిల్లను హిందూపురం తీసుకుపోయాడు. అక్కడ స్కానింగ్ తీస్తే పిత్తాశయం నిండా రాళ్లు కనబడ్డాయి.

ఆ ఆసుపత్రిలో సర్జన్ నవీన గారనే ఆవిడ. ఎనిమిదేళ్ల పిల్లకు ఇన్ని రాళ్లేమిటని ఆవిడకు అనుమానం వచ్చింది. రక్తం జబ్బులేమైనా ఉన్నాయేమోనని పరీక్షలు చేయించింది. ఏమీ లేవు. ఈమధ్య ఏమైనా ఇంజెక్షన్లు వేయించారా అని నస్రీన్‌ను రెండుసార్లు అడిగింది. "లేదమ్మా, జ్వరం మాత్రలే ఏసినాం" అని నస్రీన్ రెండుసార్లూ చెప్పింది. పిల్ల నొప్పి తగ్గడం లేదు. శనివారం ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేయాలని నిర్ణయించారు.

ఈ సంగతి నాకు గురువారం పొద్దున సలీమే చెప్పాడు. పిల్ల బట్టలకని ఇంటికొచ్చి, పోతూ పోతూ షాపు ముందు ఆటో ఆపాడు.

"ఎల్లుండి పాపకు కడుపు కోస్తారంట శెట్టప్పా. ఇంత పిల్లకు రాళ్లేందప్పా? మేమేం పాపం చేసినామో" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ రాళ్లు ఏమిటో నాకు తెలుసు.

రెండేళ్ల కిందట రేష్మ అన్న ఫయాజ్‌కు కూడా ఇవే సూదులు పడ్డాయి. వాడికీ ఇదే నొప్పి వచ్చింది. అప్పుడు వీళ్లు ఎక్కడికీ పోలేదు, నెల రోజులకు దానంతట అదే తగ్గిపోయింది. ఎందుకో అనుమానం వచ్చి నేను పెట్టెలోని కాగితం ఒకటి తీసి భూతద్దం పెట్టుకుని చదివాను. నా ఇంగ్లిషు అంతంత మాత్రం. అయినా అర్థమైంది. ఈ మందు వాడిన కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, పిత్తాశయంలో రాళ్లలాంటివి కనబడవచ్చు. మందు ఆపితే చాలామందిలో అవి వాటంతటవే పోతాయి. ఆ కాగితాన్ని మడిచి సొరుగులో అడుగున పెట్టాను. నిజాముద్దీన్‌కు చూపించలేదు. చూపిస్తే ఆ మందు వద్దంటాడని తెలుసు.

సలీం నా ముందు కళ్లు తుడుచుకుంటుంటే ఆ సొరుగు నా మోకాలికి తగులుతూనే ఉంది. "దేవుడున్నాడులే సలీం, ధైర్యంగా ఉండు" అన్నాను. ఇంతకంటే నీచమైన మాట నేను జీవితంలో ఇంకోటి అనలేదు.

మధ్యాహ్నం నిజాముద్దీన్ వచ్చాడు.

"శెట్టీ, ఆ సీసా పెట్టెలో ఒక కాగితం వచ్చేది గదా, ఉంటే ఒకటి ఇయ్యి."

"ఎందుకప్పా?"

"రేష్మకు రాళ్లంట. ఫయాజ్‌కూ ఇదే తీరుగ నొప్పి వచ్చింది, నీకు గుర్తుండాదా? నిద్ర పట్టక ఇంకోటి గుర్తుకొచ్చింది. సలీం అక్క మస్తాన్‌బీ, ధర్మవరంలో ఇచ్చినారు చూడు. ఆ పిల్లకు పన్నెండేండ్లప్పుడు జ్వరమొస్తే నేనే ఈ సూదులు ఏసినా. ఈడికొచ్చిన తొలి ఏడాది. వారానికి కడుపు నొప్పి అనింది. ధర్మవరం తీసుకపోయి ఆపరేషన్ చేసినారు. అప్పుడు నాకేమీ తోచలేదు. ఒకే ఇంట్లో ముగ్గురప్పా! ఊర్లో ఇంతమంది పిల్లోళ్లకు ఏసినా, వాళ్లకెవరికీ ఏం కాలేదు. ఆ ఇంటి పిల్లోళ్లకే పడదేమో ఈ మందు."

డిగ్రీ లేని మనిషి, కాగితం చదవని మనిషి, ఉత్త జ్ఞాపకం మీద అంత దూరం ఆలోచించాడు. నేను సొరుగు మీద చెయ్యి పెట్టుకుని, "కాగితాలు యాడుండాయప్పా, అన్నీ పారేసినా గదా" అన్నాను.

"అయితే పోయి ఆ డాక్టరమ్మకే చెప్తా" అన్నాడు.

నాకు భయం పట్టుకుంది. కూర్చోబెట్టి టీ తెప్పించాను. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? చెప్తే నిన్ను లోపలేస్తారు. నీ గది మూయిస్తారు. పిత్తాశయం లేకుండా ఎంతమంది బతకడం లేదు? ఆ మస్తాన్‌బీ బతకలేదా? పాపకు నొప్పి పోతుంది, నీ బతుకూ నిలబడుతుంది" అన్నాను. ఎనిమిదేళ్ల పిల్ల కడుపు అనవసరంగా కోయిస్తున్నానని తెలిసే అన్నాను. అతను టీ ముట్టుకోలేదు. లేచి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున అతను హిందూపురం బస్సు కోసం నిలబడి ఉంటే నేనూ పోయి పక్కన నిలబడ్డాను. తోడు వచ్చాననుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. నా పేరు ఎక్కడ బయటపడుతుందో చూసుకోవడానికి పోతున్నానని అతనికి తెలియదు.

ఆసుపత్రిలో నవీన గారు రేష్మ మంచం దగ్గరే ఉన్నారు. సలీం, నస్రీన్ పక్కన నిలబడ్డారు. రేష్మ చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. నిజాముద్దీన్‌ను చూడగానే ఆ పిల్ల నీరసంగా నవ్వింది. "డాక్టర్ తాతా, ఈల్లు పొడిస్తే నొప్పి పుడ్తాంది. నువ్వే పొడువు" అంది. అతను ఆ పిల్ల తల నిమిరాడు.

తర్వాత జేబులోంచి ఖాళీ సీసా ఒకటి తీసి నవీన గారి చేతిలో పెట్టాడు. "అమ్మా, ఈ పిల్లకు పది దినాలు ఇది నేనే పొడిచినా. పూటకొకటి" అన్నాడు.

ఆవిడ సీసాను అటూ ఇటూ తిప్పింది. "దీని మీద లేబుల్ ఏదీ?"

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"నేనే పీకేసినా అమ్మా" అన్నాడు నిజాముద్దీన్. "సెఫ్ట్రియాక్సోన్."

ఆ పేరు వినగానే ఆవిడ మొహం మారిపోయింది. మోతాదు అడిగింది, రోజులు అడిగింది. అతను చొక్కా జేబులోని చిన్న పుస్తకం తీసి చదివాడు. తర్వాత ఫయాజ్ సంగతి, మస్తాన్‌బీ సంగతి చెప్పాడు. తన తప్పు ఒక్క ముక్క కూడా దాచలేదు.

"ఇంజెక్షన్లు వేయించారా అని మిమ్మల్ని రెండుసార్లు అడిగాను కదమ్మా!" అని ఆవిడ నస్రీన్ మీద అరిచింది.

నస్రీన్ ఆవిడ వైపు చూడలేదు. నిజాముద్దీన్‌ను చూసింది. "నీకోసమే గదన్నా అబద్ధం చెప్పినా. నా బిడ్డ కడుపు కోస్తారని తెలిసి కూడా నీ పేరు ఎత్తకపోతిని. ఫయాజ్‌కు నొప్పి వచ్చినప్పుడన్నా నీకు తోచకూడదా?" అంది. అతను రెండు చేతులూ జోడించాడు. సలీం వచ్చి అతని చెంప మీద ఒక్కటి కొట్టాడు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండడుగుల దూరంలో నేను నిలబడి ఉన్నాను. ఆ దెబ్బలో సగం నాది. నేను కదల్లేదు.

నవీన గారు సలీంను పక్కకు లాగి, కోపం అణుచుకుంటూ చెప్పారు. ఈ మందులో కొంత భాగం పిత్తంలోకి పోతుందట. అక్కడ కాల్షియంతో కలిసి అడుగున మడ్డిలా పేరుకుంటుందట. మోతాదు ఎక్కువైనా, పిల్లకు సరిగా తిండి పెట్టకపోయినా అది ఇంకా ఎక్కువవుతుంది. "చాలామంది పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదు. మీ ఇంట్లో ముగ్గురికి వచ్చిందంటే మాత్రం ఆలోచించాలి. పిత్తంలోకి ఏది ఎంత పోవాలో నడిపించే జన్యువులు ఉంటాయి. అవి తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి. వాటిలో తేడా ఉన్న పిల్లలకే ఈ మందుతో రాళ్లు కడుతున్నాయేమోనని పరిశోధనలు చేస్తున్నారు. ఇంకా గట్టిగా తేల్చలేదు."

"అయితే మా నెత్తురులోనే ఉండాదా అమ్మా ఈ దోషం?" అని సలీం తల దించుకున్నాడు.

"దోషమని ఎవరన్నారు? మీ అక్క సంగతి, మీ అబ్బాయి సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆపరేషన్ మాటే ఎత్తేదాన్ని కాదు" అందావిడ.

శనివారం ఆపరేషన్ ఆపేశారు. నొప్పికి మందులిచ్చి, మెల్లగా తిండి పెట్టి ఐదు రోజులు ఉంచుకున్నారు. నెలకు తీసిన స్కానింగ్‌లో రాళ్లు సగమే ఉన్నాయి. రెండో నెల స్కానింగ్‌లో ఏమీ లేవు. పిల్ల కడుపు మీద గీత కూడా పడలేదు.

నిజాముద్దీన్ గది మాత్రం ఆ వారమే మూతపడింది. ఎవరూ వచ్చి మూయించలేదు. తనే బోర్డు దింపి, సూదులన్నీ ఆసుపత్రిలో అప్పజెప్పి వచ్చాడు. అతని చేతి మీదుగా బాగైన జనమే దారిలో ఎదురైతే పక్కకు తప్పుకున్నారు. లేబుళ్లు పీకి మందులేసే దొంగ డాక్టరని పేరు పడింది. ఆ మాట నా షాపు ముందే నిలబడి అన్నవాళ్లున్నారు. నేను చిల్లర ఇచ్చి పంపించాను. ఇప్పుడతను వాళ్ల నాయన చేసిన పనే చేస్తున్నాడు. దూది మూట భుజాన వేసుకుని వీధుల్లో తిరిగి పరుపులు కుడుతున్నాడు.

పోయిన నెల మా ఆవిడ పుష్పావతి అతన్ని పిలిచి మా పెరట్లో పరుపు కుట్టడానికి కూర్చోబెట్టింది. షాపుకూ పెరడుకూ మధ్య ఒక గుడ్డ తెర, అంతే. పొద్దున పదకొండు గంటలప్పుడు సలీం షాపుకొచ్చాడు. చేతిలో నవీన గారు రాసిచ్చిన కాగితం ఉంది.

"శెట్టప్పా, ఈ మందు మా ఇంటి పిల్లోళ్లకు ఎవరు రాసినా తనను అడగకుండా వేయించొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఫయాజ్‌కు, రేష్మకు, ధర్మవరంలో మా అక్క పిల్లోళ్లకు. వాళ్లకూ ఒకటి పంపించినా. ఇది నీ దగ్గర పెట్టుకో. మేము మర్చిపోయినా నువ్వు ఇయ్యవు."

నేను కాగితం తీసుకున్నాను. సలీం ఇంకా కదల్లేదు.

"ఆయప్పను దేవుని మాదిరి నమ్మితిమి. సీసా మీది పేరు కూడా పీకేసి మోసం చేసినాడు. నీ అట్లాంటి మంచోడు ఊర్లో ఒక్కడుండాడు, అదే మా అదృష్టం" అన్నాడు.

తెర వెనక పరుపు కుట్టే చప్పుడు ఆగిపోయింది. అతను వింటున్నాడు. సలీం నా మొహంలోకి చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. "సరే సలీం" అన్నాను.

సలీం వెళ్లాక పెరట్లోకి పోయాను. నిజాముద్దీన్ పొడవాటి దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్నాడు. తల ఎత్తకుండానే, "రేష్మ అన్నం బాగా తింటాందంటనా?" అని అడిగాడు.

"తింటాందంట."

"కుడి పక్క నొప్పి మళ్ళా రాలేదు గదా?"

"రాలేదంట."

తల ఊపి, పరుపు మీదికి వంగి మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. నా మీద ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేదేమో. ఆ పరుపు మీద నేను ఇంతవరకూ పడుకోలేకపోయాను.

ఇదంతా మూడు రోజులుగా కూర్చుని రాస్తున్నాను. సొరుగు అడుగున ఉన్న సన్నక్షరాల కాగితాన్ని తీసి దీనికి గుండుసూదితో కలిపి గుచ్చాను. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేదని మూడుసార్లు తేలిపోయింది. రేపు పొద్దున సలీం ఆటో షాపు ముందు ఆగినప్పుడు వీటిని అతని చేతికిస్తాను. నిజాముద్దీన్ తిన్న దెబ్బ ఎవరిదో అతను చదివి తెలుసుకుంటాడు. తర్వాత నన్ను కూడా కొడతాడో, కొట్టకుండా వెళ్లిపోతాడో తెలియదు. కొడితే మాత్రం నేనూ చెయ్యి అడ్డం పెట్టుకోను.